క్షిపణులకు కౌన్సెలింగ్

దక్షిణామూర్తికి జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే. ఆరు క్షిపణులు ఆరు దారుల్లో వెళ్ళి, ఒకదాన్నొకటి చూసుకుంటూ, గుంపుగా ఉన్న లక్ష్యాల మీద ఒకే క్షణంలో దిగాలి. అది తను కళ్ళారా చూడాలి. ఆ వయసు మగవాళ్ళు ఇంటి మీద ఇంకో అంతస్తు వెయ్యాలనో, కాశీ వెళ్ళి రావాలనో అనుకుంటారు గానీ ఇదేం కోరికని భార్య విశాలాక్షి అడుగుతూనే ఉండేది. ఆయన ఏం చెప్తాడు? కారణం చెప్పగలిగితే దాన్ని అవసరం అంటారు గానీ కోరిక అనరు.

ఆయన పనిచేసే చోటు కూడా సామాన్యమైంది కాదు. సామూహిక క్షిపణి సమన్వయ పరిశోధన సంస్థ. నగరం చివర, సిటీ బస్సు ఆఖరి స్టాపు దాటాక, గుట్టల మధ్య పెద్ద ప్రహరీగోడ వెనకాల ఉంటుంది. సమన్వయం మీద పరిశోధనంతా మూడో బిల్డింగులో లిఫ్టు పక్క గదిలో జరుగుతుంది. ఆ గది దాటి బయటికొస్తే సమన్వయం అన్న మాట మళ్ళీ వినపడదు. ఎదురెదురు గదుల్లో కూర్చునే రెండు విభాగాలవాళ్ళు ఒకరికొకరు ఢిల్లీ మీదుగా ఉత్తరాలు రాసుకుంటారు. పదకొండింటికి మీటింగంటే పదకొండింటికి వచ్చేవి బిస్కట్లు మాత్రమే. తర్వాత ఒక్కొక్కరే వస్తారు. ఆఖరాయన వచ్చేసరికి మొదట వచ్చినాయన విసుగెత్తి లేచి వెళ్ళిపోయి ఉంటాడు. సంస్థ పుట్టిన దగ్గర్నుంచీ ఏ మీటింగుకీ ఇద్దరు అధికారులు ఒకేసారి గుమ్మం దాటిన దాఖలా లేదు. అందుకే దక్షిణామూర్తి మీటింగంటే చంకలో న్యూస్ పేపరు పెట్టుకుని మరీ వెళ్ళేవాడు.

అలాంటి చోట కూర్చుని ఆయన తన ఉద్యోగ జీవితమంతా ధారపోసి ఒక ప్రోగ్రాము తయారుచేశాడు. దాని పేరు జట్టు. అదేం చేస్తుందో తెలియాలంటే పెద్ద పెద్ద లెక్కలక్కర్లేదు, పెళ్ళి భోజనాల దగ్గర నిలబడి చూస్తే చాలు. చెయ్యి తిరిగిన వడ్డనవాళ్ళు ఆరుగురుంటే నాలుగు పంక్తులనీ వాళ్ళే సర్దుకుంటారు. ఒకే విస్తట్లో ఇద్దరు పప్పు వెయ్యరు. ఏ విస్తరీ ఖాళీగా ఉండదు. ఒకడికి కాలు బెణికి కూలబడితే వాడి పంక్తిని మిగతావాళ్ళు నోరు విప్పకుండా పంచేసుకుంటారు. జట్టు క్షిపణులకి నేర్పేది ఆ ఇంగితమే. కంప్యూటర్లో ఎన్నిసార్లు ఆడించినా అది తప్పలేదు. కానీ తెర మీద చుక్కలు కదలడం వేరు, ఆకాశంలో చూడడం వేరు.

ఎట్టకేలకి పరీక్షకి అనుమతి వచ్చింది. తూర్పు తీరంలో సంస్థకో పరీక్షా కేంద్రం ఉంది. పనికిరాని పాత సరుకు పడవలు నాలుగింటిని, మనిషన్నవాడు లేకుండా, సముద్రంలో లంగరేసి ఉంచుతారు. ఆరు క్షిపణులిస్తారు. పడవలు మునిగితే జట్టు నిలుస్తుంది. మునగకపోతే విభాగం మూసేసి దక్షిణామూర్తిని అతిథిగృహాలు, ఉద్యానవనాల విభాగంలో కలిపేస్తారు. వచ్చే ఏడు రిటైరవబోయే మనిషికి ఇంకో పరీక్ష రాదు. చూస్తే ఇప్పుడు చూడాలి, లేకపోతే లేదు.

సరిగ్గా అప్పుడు ఆడిట్ విభాగం నుంచి ఒక కాగితం వచ్చి పడింది. మూడవ క్షిపణిని రెండవ పడవకు కేటాయించుటకు ప్రాతిపదిక యేమి, కేటాయించిన అధికారి యెవరు అని అందులో ప్రశ్న. దక్షిణామూర్తి అమాయకుడు, ఉన్నమాట రాసేశాడు. ఎవరూ కేటాయించరనీ, దూరమూ వేగమూ అవసరమూ చూసుకుని ప్రోగ్రామే తేల్చుకుంటుందనీ, గాల్లో ఉండగా పరిస్థితి మారితే తన నిర్ణయం తనే మార్చుకుంటుందనీ జవాబిచ్చాడు. అంతే, కందిరీగల తుట్టె కదిలింది. "యంత్రము విచక్షణాధికారమును వినియోగించుచున్నట్లును, ఒకసారి గైకొనిన నిర్ణయమును తానే తిరగదోడుచున్నట్లును తెలియవచ్చుచున్నది. యంత్రమునకు సదరు అధికారమును దఖలుపరచిన ఉత్తర్వు ప్రతిని జతపరచవలెను" అని రెండో కాగితం వచ్చింది.

అలాంటి ఉత్తర్వు ఎక్కడా లేదు. ఫైలు ఒక్కో బల్లా ఎక్కి దిగి, చివరికి ముఖ్య పరిపాలనాధికారి పరాంకుశం బల్ల మీద కుదురుకుంది.

పరాంకుశం క్షిపణిని ఎన్నడూ చూడలేదు, చూడాలన్న సరదా కూడా ఆయనకి లేదు. ఆయన విద్యంతా బదిలీలు. ఇదివరకు పనిచేసిన శాఖల్లో వేలమందిని కౌన్సెలింగ్ పెట్టి, తలా ఒక మూలకి పంపించాడు. ఒక్కరంటే ఒక్కరు కోర్టుకెక్కలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు పసిపిల్లల ముచ్చట చెప్పేవాళ్ళ గొంతులా మెత్తబడిపోయేది. ఈ సంస్థకొచ్చాక బదిలీ చెయ్యడానికి మనుషులు చాలక ఆయన ఆరోగ్యం కొంచెం దెబ్బతింది. ఫైలు చదవగానే మొహం కళకళలాడింది.

దక్షిణామూర్తిని పిలిపించి, కుర్చీ చూపించి, టీ తెప్పించి, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"చూడండి మూర్తిగారూ, మనిషి కానివ్వండి, క్షిపణి కానివ్వండి. ప్రభుత్వ ఖర్చుతో ఒకచోటు నుంచి ఇంకోచోటుకి వెళ్తే దాన్ని బదిలీ అనే అంటాం."

"అవి వెళ్తే మళ్ళీ తిరిగి రావండీ" అన్నాడు దక్షిణామూర్తి.

"శాశ్వత బదిలీ" అన్నాడు పరాంకుశం, కాగితం మీద రాసుకుంటూ.

వారం తిరక్కుండా మార్గదర్శక సూత్రాలు తయారయ్యాయి. తయారైన తేదీని బట్టి క్షిపణుల సీనియారిటీ ఖరారు చేస్తారు. సీనియారిటీ ప్రకారం ఏ క్షిపణికి ఏ పడవ కావాలో అది కోరుకుంటుంది. ఒకే పెట్టెలో జంటగా వచ్చిన క్షిపణులని విడదీయకూడదు. ఆరోగ్య కారణాలు చూపినవాటికి ప్రాధాన్యం. ప్రయాణంలో ఉండగా జూనియర్ క్షిపణి సీనియర్ క్షిపణిని దాటరాదు. చోటు ఖాళీ చేసే క్షిపణి, తన స్థానంలో మరొకటి వచ్చి చేరిందాకా కదలరాదు. ఇక గాల్లో ఉండగా నిర్ణయం మార్చుకోవడమన్నది పరస్పర బదిలీ కిందికి వస్తుంది గనక, సంబంధిత క్షిపణులు రెండూ ముందుగా దరఖాస్తు పెట్టుకుని, పై అధికారి ఆమోదం పొందిన పిమ్మట మాత్రమే.

దక్షిణామూర్తి ఆ కాగితం పట్టుకుని డైరెక్టరు రంగధామం దగ్గరకి పరుగెత్తాడు. రంగధామం ఆ మధ్యే ఢిల్లీలో పారదర్శకత మీద జరిగిన సదస్సుకెళ్ళి, అది ఒంటికి బాగా పట్టించుకుని తిరిగొచ్చాడు. రాగానే తన గదికున్న టేకు తలుపు పీకించి గాజు తలుపు పెట్టించాడు. అప్పటికే ఇద్దరి ముక్కులు వాచాయి. దక్షిణామూర్తి చెప్పిందంతా ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఇతర దేశాల క్షిపణులు ఎవరికీ జవాబుదారీ కావనీ, ఎందుకెళ్ళాయో ఎక్కడికెళ్ళాయో వాటికే తెలియదనీ, ప్రపంచంలోనే మొట్టమొదటి పారదర్శక క్షిపణి మన సంస్థ నుంచి ఎగరబోతున్నదనీ, ఆ అదృష్టం దక్షిణామూర్తికి దక్కినందుకు తనకి ఈర్ష్యగా ఉందనీ అన్నాడు. సూత్రాలు ప్రోగ్రాములో చేర్చకపోతే ఏమవుతుందని అడిగితే మాత్రం కళ్ళు తెరిచాడు. పరీక్ష వచ్చే సంవత్సరానికి పోతుందన్నాడు.

వచ్చే సంవత్సరానికి దక్షిణామూర్తి ఉండడు. తలుపు తియ్యకుండా బయటికి వెళ్ళబోయి, గాజుకి నుదురు కొట్టుకుని, మూడో ముక్కు కాకుండా తప్పించుకుని తన గదికి చేరాడు.

ఆయన దగ్గర పనిచేసే నస్రీన్ చిన్నదే గానీ చురుకైంది. జట్టులో సగం ఆ అమ్మాయి చేతి మీదుగా పుట్టిందే. సూత్రాలు మొదట్నుంచి ఆఖరిదాకా చదివింది.

"ఇది చేరిస్తే జట్టు ఉండదు సార్, క్యూ అయిపోద్ది" అంది చివరికి.

ఆయనకీ తెలుసు. తెలిసీ, పరీక్షంటూ జరిగితే ఏదో ఒకటి చెయ్యొచ్చనుకున్నాడు. ఒక్కో సూత్రాన్నీ తన చేత్తో ప్రోగ్రాములోకి ఎక్కించాడు. సొంత బిడ్డకి గుండు గీసే తండ్రి కూడా అంత జాగ్రత్త పడడు. ఎక్కడా ఒక్క పొరపాటు లేదు. ఏ సూత్రమూ ఇంకో సూత్రాన్ని తోసిపుచ్చకుండా సర్దాడు. సూత్రాలు చేర్చకముందున్న అసలు జట్టు ప్రతి ఒకటి తనకివ్వమని పరాంకుశం అడిగి తీసుకున్నాడు. దేనికండీ అంటే, రికార్డు నిమిత్తం అన్నాడు. పాతది పారేసే అలవాటు పరిపాలనా విభాగానికి లేదట.

ఇంట్లో అన్నం తింటూ విశాలాక్షికి ఈ కథంతా చెప్పుకుని బాధపడ్డాడు. ఆవిడ ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరు. బదిలీ కౌన్సెలింగులు చూసి చూసి రాటుదేలిన మనిషి. పాయింట్ల పట్టిక మొహాన కొడితే నిద్రలో కూడా తన ర్యాంకు చెప్పగలదు. ఆవిడ జాలిపడుతుందనుకుంటే, వృత్తిరీత్యా అడగాల్సింది అడిగింది.

"అందరూ దగ్గరి ఊరే కోరుకుంటారు. మరి దూరం పడవకి ఎవరెళ్తారండీ?"

"క్షిపణులకి దగ్గరేమిటే, దూరమేమిటి?"

"వాటికుండదు. వాటి వెనకాల మనుషులుంటారుగా" అంది ఆవిడ, మజ్జిగ పోస్తూ.

ఆయన కోపంగా చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. రెండు రోజులు పోయాక ఆవిడ మాటే నిజమైంది. క్షిపణులు నోరు తెరిచి ఏ పడవ కావాలో చెప్పలేవు గనక, ఒక్కోదానికీ ఒక సంరక్షకాధికారిని నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆరుగురు అధికారులు. అప్పటిదాకా క్షిపణి పొడుగెంతో తెలియనివాళ్ళు కూడా రాత్రికి రాత్రే కన్నతండ్రులయ్యారు. మూడో క్షిపణికి స్టోర్సు అధికారి సంజీవరాజు సంరక్షకుడు. ఆయనకి పిల్లల్లేరు. ఆ ఉత్తర్వు అందిన రోజే గోదాముకెళ్ళి, క్షిపణి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నిమ్మకాయ కట్టించి వచ్చాడు. దానికి ఎండ తగులుతోందని గొడవ పెట్టుకుని తెర కూడా వేయించాడు.

కౌన్సెలింగ్ ఆడిటోరియంలో పెట్టారు. వేదిక వెనకాల తెర మీద సముద్రమూ నాలుగు పడవలూ. ముందు వరసలో సంరక్షకులు ఫైళ్ళతో, మంచినీళ్ళ సీసాలతో, మనిషికో దిగులు మొహంతో కూర్చున్నారు. వీడియో తీస్తున్నారు, పారదర్శకత కదా. పరాంకుశం మైకు పట్టుకుని మొదటి క్షిపణిని ఆహ్వానించాడు. దాని సంరక్షకుడు లేచి, తన క్షిపణి అందరికన్నా పెద్దదనీ, కాలం చెల్లే గడువు దగ్గర పడిందనీ, ఇంత సర్వీసు చేశాక అది దూరాభారం పోలేదనీ చెప్పి, ఒడ్డుకి దగ్గరున్న మొదటి పడవ కోరుకున్నాడు. ఇచ్చేశారు. హాల్లో చప్పట్లు.

తర్వాత రెండోదీ నాలుగోదీ. రెండూ ఒకే పెట్టెలో వచ్చినవి, పెట్టె మీది అట్ట కూడా సాక్ష్యానికి తెచ్చారు. విడదీయడానికి వీల్లేదు గనక రెండింటికీ కలిపి రెండో పడవ ఇచ్చి, అక్కడ ఒకటే ఖాళీ ఉంది గనక అదనపు ఖాళీ ఒకటి సృష్టించారు. అయిదోది మూడో పడవతో సరిపెట్టుకుంది. ఈలోపు సంజీవరాజు లేచాడు. తన క్షిపణి బ్యాటరీ బలహీనంగా ఉందనీ, అది దూరం వెళ్ళలేదనీ, మొదటి పడవ న్యాయంగా తనదేననీ ధ్రువపత్రం చూపించాడు. ఆ ధ్రువపత్రం మీద సంతకం కూడా సంజీవరాజుదే. మొదటి క్షిపణి సంరక్షకుడు ఊరుకుంటాడా? ఆ పిల్లకేం రోగం లేదు, అంతా నాటకం అన్నాడు. సంజీవరాజుకి కళ్ళనీళ్ళొచ్చాయి. పరాంకుశం ఇద్దరినీ కూర్చోబెట్టి, మూడవ క్షిపణి అభ్యర్థనపై నిర్ణయం వెలువడు వరకు యథాతథ స్థితి కొనసాగునని ప్రకటించాడు.

మిగిలింది నాలుగో పడవ. అన్నింటికన్నా పెద్దది, అన్నింటికన్నా దూరంలో ఉన్నది. దాన్ని ఎవరూ కోరుకోలేదు. ఆఖరి క్షిపణి ఆరోది, కొత్తగా వచ్చింది, మిగతావాటికన్నా రెట్టింపు వేగం దానిది. జూనియర్ గనక దానికి అడక్కుండానే ఆ పడవ రాసేశారు. దాని సంరక్షకుడు, శిక్ష వేసినట్టుంది సార్ అని గొణిగాడు. కొత్తలో అందరం అలాంటి చోట్ల పనిచేసినవాళ్ళమేనని పరాంకుశం భుజం తట్టాడు.

దక్షిణామూర్తి వెనక వరసలో కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. లేచి రెండు ముక్కలు చెప్పాలనుకున్నాడు గానీ, క్షిపణులకి తప్ప ఇతరులకి మాట్లాడే అవకాశం లేదన్నారు.

పరీక్ష రోజు ఆకాశం నిర్మలంగా ఉంది. ఒడ్డున షామియానా వేసి, కూలర్లు పెట్టి, పెద్దవాళ్ళని కూర్చోబెట్టారు. దూరంగా నీళ్ళ మీద నాలుగు పడవలూ పాత కంచాల్లా తేలుతున్నాయి. నియంత్రణ గదిలో దక్షిణామూర్తి చొక్కా వీపుకంటుకుపోయింది. ఏది ఏమైనా ఇవాళ అవి ఎగురుతాయి. ఎగిరాక, ఆ సూత్రాలన్నీ ఉన్నా, ఎక్కడో ఒకచోట తన జట్టు పోలిక కనపడకపోతుందా అనుకున్నాడు. షామియానాలో కూర్చున్న రంగధామం మీట నొక్కాడు.

ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. క్షిపణులు గుడిలో విగ్రహాల్లా నిలబడ్డాయి. నస్రీన్ తెర చూసి, గొంతు తగ్గించి చెప్పింది. వాటి స్థానంలోకి వేరే క్షిపణులు వచ్చి చేరలేదు సార్, వచ్చేదాకా కదలవు.

సంగతి షామియానాకి చేరినా పరాంకుశం కంగారుపడలేదు. ఇలాంటివి ఎన్ని చూశాడు ఆయన. ప్రత్యామ్నాయం కొరకు వేచియుండకుండా విధుల నుండి విముక్తి కలిగించడమైనది అని మోకాలి మీద కాగితం పెట్టి రాసి, సంతకం చేసి, ముద్ర వేశాడు. నస్రీన్ దాన్ని ప్రోగ్రాములో ఎక్కించింది. అప్పుడు లేచింది మొదటి క్షిపణి, మెల్లిగా, పెద్దరికంగా. దాని వెనక రెండోది, నాలుగోది, అయిదోది. చివర ఆరోది, ముందున్న పెద్దల్ని దాటకూడదు గనక వేగాన్ని బిగబట్టుకుని, పెళ్ళి ఊరేగింపు వెనకాల ఇరుక్కున్న అంబులెన్సులా నడిచింది. మూడోది కదల్లేదు, దానికి యథాతథ స్థితి. షామియానాలో సంజీవరాజు గుండె మీద చెయ్యేసుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

క్షిపణులు ఒకదాని వెనకొకటి బారుగా వెళ్తుంటే రంగధామానికి ముచ్చటేసింది. ఎంత క్రమశిక్షణ చూడండి అన్నాడు పరీక్ష చూడ్డానికి ఢిల్లీ నుంచొచ్చి పక్కన కూర్చున్న పెద్దాయనతో. ఆ మాట పూర్తి కాకుండానే మొదటి క్షిపణి, వయసు మీద పడిందేమో, సగం దారిలో దగ్గి సముద్రంలో పడిపోయింది.

దక్షిణామూర్తి కుర్చీ అంచుకొచ్చాడు. జట్టు పుట్టింది ఈ క్షణం కోసమే. ఒకటి పడిపోతే దాని పని మిగతావి పంచుకుంటాయి. ఇప్పుడు పంచుకోవాలి. అవి పంచుకోలేదు. సీనియర్ ఆగిపోయిన చోటు దాటి ముందుకెళ్ళడానికి జూనియర్లకి అధికారం లేదు. రెండోది అక్కడికొచ్చి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. వెనక వచ్చినవన్నీ దానితో కలిశాయి. పడిపోయిన పెద్దకి సంతాపం తెలుపుతున్నట్టు, నాలుగు క్షిపణులూ నీళ్ళ మీద వలయంగా తిరుగుతూనే ఉన్నాయి. ఇంధనం అయిపోయాక ఒక్కొక్కటే పడిపోయాయి. అవి పడింది కూడా సీనియారిటీ ప్రకారమే. ఆఖరికి ఆరోది ఒక్కటే మిగిలి, దాటిపోవడానికి ముందెవరూ లేకపోయినా, అలవాటుకొద్దీ అక్కడే రెండు చుట్లు తిరిగి మునిగింది.

పడవలు నాలుగూ చెక్కుచెదరకుండా ఊగుతున్నాయి. దూరంగా ఉన్న పెద్ద పడవ మీద ఒక కొంగ వాలి ముక్కుతో రెక్క గోక్కుంటోంది.

షామియానాలో పరాంకుశం లేచి, ఆరు క్షిపణుల్లో ఏ ఒక్కటీ, ఏ దశలోనూ, ఏ ఒక్క సూత్రాన్నీ ఉల్లంఘించలేదని సభకి మనవి చేశాడు. రంగధామం చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడని మిగతావాళ్ళూ కొట్టారు. సాయంత్రానికల్లా క్షిపణులకి ప్రశంసాపత్రాలు తయారయ్యాయి. అయిదింటికి మరణానంతరం, మూడోదానికి స్వయంగా.

దక్షిణామూర్తి ఒడ్డునే ఇసకలో కూర్చుండిపోయాడు. నస్రీన్ మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. ప్రోగ్రాములో తప్పేం లేదు సార్, చెప్పింది చెప్పినట్టు చేసింది అంది ఓదార్పుగా. ఆ మాటే ఆయన్ని ఎక్కువ కోసింది. అబద్ధం చెప్పడమెందుకు, ఆయన ఏడ్చాడు.

క్షిపణులు గెలిచాయి గానీ పడవలు మునగలేదన్న సంగతి ఢిల్లీకి తెలిసింది. ఎవరో ఒకరి తప్పు ఉండి తీరాలన్నారు అక్కడివాళ్ళు. క్షిపణులు నిర్దోషులని ప్రశంసాపత్రాలే చెప్తున్నాయి. సూత్రాలకి తప్పు అంటగట్టడం అపచారం. ఇంక మిగిలింది ఆ సూత్రాల్ని అంత కచ్చితంగా ప్రోగ్రాములోకి ఎక్కించిన మనిషి. కొంచెం పొరపాటు చేసి ఉంటే ఒకట్రెండు పడవలైనా మునిగేవి కదా అని సంస్థలో అందరికీ అనిపించింది. ఒక్కో క్షిపణి విషయమై ఒక్కో విచారణ సంఘం వేశారు. మొత్తం ఆరు సంఘాలు, వాటి అధ్యక్షులు ఆ ఆరుగురు సంరక్షకులే.

పదకొండింటికి సమావేశ మందిరానికి రమ్మని దక్షిణామూర్తికి కబురొచ్చింది. అలవాటు ప్రకారం చంకలో పేపరు పెట్టుకుని వెళ్ళాడు. ఆరు సంఘాలంటే ఆరు పూటలైనా పడుతుందనుకున్నాడు. గోడ గడియారం కింద తనకి చూపించిన ఒంటరి కుర్చీలో కూర్చుని పేపరు మడత విప్పాడు.

గడియారం పదకొండు కొట్టింది. మందిరానికున్న తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. ఆరుగురు అధ్యక్షులు ఒకే క్షణంలో, ఎవరూ ఎవరికీ అడ్డం రాకుండా, ఆరు వైపుల నుంచి లోపలికొచ్చి కూర్చున్నారు.

దక్షిణామూర్తి చేతిలో పేపరు జారిపోయింది. ఈ సంస్థలో ఇలాంటిది ఆయన ఎన్నడూ చూడలేదు. ప్రశ్నలు మొదలయ్యాయి. ఒకరడిగింది ఇంకొకరు అడగడం లేదు. ఏ ఒక్క కోణాన్నీ వదిలిపెట్టడం లేదు. ఒకాయన ఎడమ పక్క నుంచి సీనియారిటీ గురించి అడుగుతుంటే, దక్షిణామూర్తి తప్పించుకునే దారిలో ఇంకొకాయన సిద్ధంగా ఉన్నాడు. మధ్యలో సంజీవరాజుకి తోడు లేక ఒంటరిగా మిగిలిపోయిన తన క్షిపణి గుర్తొచ్చి దుఃఖం ఆగక బయటికి వెళ్ళిపోయాడు. ఒక్క సైగ లేదు, ఒక్క మాట లేదు. ఆయన అడగాల్సిన ప్రశ్నలు మిగతా అయిదుగురూ పంచుకుని అడిగేశారు.

అప్పుడు వెలిగింది దక్షిణామూర్తికి. ఆ కదలిక ఆయనకి తెలుసు. ఆ సర్దుబాటు తెలుసు. కన్నబిడ్డ నడకని ఎవరు పోల్చుకోలేరు? జవాబు చెప్పడం మానేసి, మూలన కూర్చుని మినిట్సు రాసుకుంటున్న పరాంకుశం వైపు తిరిగాడు.

"వీళ్ళందరినీ ఇలా కుదిర్చిందెవరండీ?" అని అడిగాడు.

"మీ జట్టేనండి. రికార్డు నిమిత్తం తీసుకున్నాం చూడండి, ఆ పాతది" అన్నాడు పరాంకుశం. "విచారణ సంఘాలకి మార్గదర్శక సూత్రాలు ఇంకా రూపొందలేదు. అందుకని ఉన్నదాన్ని ఉన్నట్టే పెట్టేశాం."

దక్షిణామూర్తి మళ్ళీ గడియారం వైపు చూశాడు, మళ్ళీ ఆ అయిదుగురినీ చూశాడు. అభియోగాలన్నీ ఒప్పుకుంటున్నానని చెప్పాడు. ఒక్కటే మనవి చేసుకున్నాడు. పద్ధతి పనిచేసిందని మినిట్సులో రాయాలన్నాడు. పరాంకుశం కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, దానికి కాలమ్ లేదండి అన్నాడు నొచ్చుకుంటూ.

మర్నాటి నుంచి అతిథిగృహాలు, ఉద్యానవనాల విభాగంలో చేరాలని ఉత్తర్వు చేతికిచ్చారు. జట్టు విభాగం గదికి తాళం పడింది. నస్రీన్‌ని స్టోర్సుకి వేశారు.

ఆ పూట ఇంటికెళ్ళాక ఆయన బట్టలు మార్చుకోకుండానే అన్నానికి కూర్చున్నాడు. విశాలాక్షి ఆయన మొహం చూసి కంచం పెట్టింది. వడ్డిస్తూ వడ్డిస్తూ ఉండబట్టలేక, ఇంతకీ ఏమైందండీ అంది.

"చూశానే" అన్నాడు ఆయన.

"ఏం చూశారు?"

"ఆరూ ఒకేసారి వచ్చాయి. ఆరు వైపుల నుంచి. ఒకటి మధ్యలో పడిపోతే మిగతావి దాని పని పంచుకున్నాయి." ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "ఒక్కటీ గురి తప్పలేదు."

ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన కంచం ముందుకు జరిపి, ఇంకాస్త మజ్జిగ పొయ్యమన్నాడు.